నూట ఎనభై గంటల తరువాత

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా డి.ఏ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. అయితే ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మాస్టారూ, మీరు చదువుకు సంబంధించిన విషయం ఏదైనా చెప్పండి. ఇంటికెళ్ళి మనవళ్ళతో మాట్లాడుకునేలా ఉండాలి" అన్నారు. అందుకని ఆటిజం ఉన్న పిల్లల గురించి, వాళ్ళకు తోడుగా బడిలో రెండు నెలలు పని చేసిన ఒక కాలేజీ విద్యార్థిని గురించి చెప్పాలనుకున్నాను. ఆ విద్యార్థిని నా మనవరాలే. పిల్లల పేర్లు, బడి పేరు చెప్పను. అది వాళ్ళ సొంత విషయం.

ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

1991లో నేనొక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుణ్ణి. ఆరేళ్ళ పిల్లవాణ్ణి తల్లి తీసుకొచ్చి ఒకటో తరగతిలో చేర్పించింది. వాడు పిలిస్తే పలికేవాడు కాదు. ముఖంలోకి చూసేవాడు కాదు. పలకను నేల మీద పెట్టి గిరగిరా తిప్పుతూ కూర్చునేవాడు. గంట కొట్టేసరికి చెవులు మూసుకుని కేకలు పెట్టి బయటికి పరుగెత్తేవాడు. నెల రోజులు చూశాను. తోటి ఉపాధ్యాయులు 'పొగరు' అన్నారు, ఊళ్ళోవాళ్ళు 'గాలి సోకింది' అన్నారు. మొక్కై వంగనిది మానై వంగునా అని నేనూ రెండు దెబ్బలు వేశాను. చివరికి నాట్ల కూలికి పోయి వస్తున్న ఆ తల్లిని ఆపి, "అమ్మా, వీడు బడికి పనికిరాడు. ఇంట్లోనే పెట్టుకో" అని చెప్పి, హాజరు పట్టీలో వాడి పేరు మీద ఎర్ర సిరాతో గీత గీశాను.

ఒక్క సంగతి మాత్రం అప్పుడు గమనించి కూడా అర్థం చేసుకోలేకపోయాను. ఆ పిల్లవాడు గంట కొట్టడానికి ముందే చెవులు మూసుకునేవాడు. అంటే గంట ఎప్పుడు కొడతారో వాడికి తెలుసు. గడియారం చూడడం రాని బిడ్డకు బడి టైము తెలుసు. అది తెలివి అని నాకు తట్టలేదు.

ఆటిజం అనే మాట ఆనాడు నేను వినలేదు. 1911లో స్విట్జర్లాండు మానసిక వైద్యుడు బ్లాయిలర్ ఆ మాటను వేరే సందర్భంలో వాడాడు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల లక్షణాలను వివరంగా రాసి, ఇది ప్రత్యేకమైన స్థితి అని చెప్పాడు. ఒంటరితనం, మాటలో తేడా, అన్నీ ఒకే రీతిలో జరగాలనే పట్టుదల: ఆయన రాసిన లక్షణాల్లో ఇవి ముఖ్యమైనవి. తెలుగులో దీన్ని 'స్వలీనత' అని కొందరు రాస్తున్నారు గానీ, వాడుకలో ఆటిజమే నిలిచింది. ఇది అంటురోగం కాదు, పిచ్చి కాదు. పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. కొందరు చక్కగా మాట్లాడతారు, పెద్ద చదువులు చదువుతారు. కొందరికి మాట అసలు రాదు. కొందరికి బుద్ధిమాంద్యం కూడా కలిసి ఉంటుంది. వెలుతురు, శబ్దం, స్పర్శ మనకు తెలిసినట్లు వాళ్ళకు తెలియవు. మనకు మామూలు గంట, వాళ్ళకు చెవిలో మేకు దిగినట్లు ఉండవచ్చు.

మన చట్టాలకు కూడా ఈ పిల్లలు ఆలస్యంగానే కనిపించారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి. ఆటిజం అందులో లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టంలో చేరింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను ఇరవై ఒకటికి పెంచి, ఆటిజాన్ని అందులో చేర్చింది. మొన్నమొన్నటి దాకా లెక్కలోనే లేని పిల్లలన్నమాట.

ఇక మా ప్రాంతం సంగతి. మాది శ్రీ సిటీని ఆనుకుని ఉన్న పల్లె. సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో మేమెరిగిన చేలు, చెరువులు, తోపులు ఉన్నచోట 2008 ప్రాంతం నుంచి ఫ్యాక్టరీలు వెలిశాయి. కార్లు, చాక్లెట్లు, సెల్‌ఫోన్లు అక్కడ తయారవుతున్నాయి. 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా విశ్వవిద్యాలయం వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మేము చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారాం. అన్నిటికంటే పెద్ద మార్పు మా ఆడపిల్లలది. నిన్నటిదాకా వేరుశనక్కాయలు ఒలిచిన చేతులు ఈనాడు సెల్‌ఫోన్లు బిగిస్తున్నాయి. తెల్లవారుజామున కంపెనీ బస్సులు పల్లెల్లోకి వచ్చి వాళ్ళను ఎక్కించుకుని పోతాయి. ఈ బస్సుల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మన రాష్ట్రంలో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువుకు పది నెలల పని అనుభవం జతచేశారు. అందులో మొదటిది మొదటి సంవత్సరం ముగిశాక చేసే సామాజిక సేవా ప్రాజెక్టు. 180 గంటలు. రోజుకు నాలుగు గంటల చొప్పున 45 రోజులు. రోజూ చేసిన పని లాగ్ బుక్కులో రాయాలి, చివర నివేదిక ఇవ్వాలి. ఉద్దేశం మంచిదే. కానీ ఏ ఉద్దేశమైనా కాగితం మీదికి వచ్చేసరికి ఏమవుతుందో సర్వీసులో పండిపోయిన మీకు నేను చెప్పనక్కరలేదు.

2023 వర్షాకాలంలో మా మనవరాలు రెండో సెమిస్టరు పరీక్షలు ముగించుకుని నా దగ్గరికి వచ్చింది. "తాతా, నీకు తెలిసినోళ్ళు ఎవురన్నా ఆఫీసులో ఉంటే ఒక సంతకం పెట్టించియ్. అందరూ అట్లనే చేస్తా ఉండారు" అంది. నాకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. మరునాడు ఆమెను వెంటబెట్టుకుని భవిత కేంద్రానికి తీసుకెళ్ళాను.

భవిత కేంద్రమంటే తెలియనివారికి ఒక్క మాట. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షా పథకం కింద మండల స్థాయిలో నడిచే కేంద్రం అది. సాధారణంగా ఏదో ఒక ప్రభుత్వ పాఠశాల ఆవరణలోనే ఉంటుంది. అక్కడ పనిచేసే టీచర్లను సహిత విద్యా రిసోర్స్ పర్సన్లు అంటారు. అంటే ఈ పిల్లలను మిగతా పిల్లలతో కలిపి చదివించడానికి శిక్షణ పొందినవారు. అక్కడి టీచరమ్మ ఒకప్పుడు నా దగ్గర ఐదో తరగతి చదివిన అమ్మాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తరువాతే మా పిల్లను లోపలికి రానిచ్చింది. అంతకుముందు వచ్చిన విద్యార్థుల గురించి చెబుతూ, "సార్, వాళ్ళు పిల్లలతో ఫోటోలు దిగి, చాక్లెట్లు పంచి, ఒకరోజు రావడం మానేస్తారు. నేను మళ్ళీ నెల రోజులు కష్టపడాలి" అంది. ఆ మాట అప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదు.

మా మనవరాలికి అప్పగించిన బాబుకు ఏడేళ్ళు. మాట లేదు. తల్లి శ్రీ సిటీలో ఒక కంపెనీలో పని. తండ్రి లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. బాబును బడికి తెచ్చేదీ తీసుకెళ్ళేదీ నాయనమ్మ.

మొదటిరోజు మా పిల్ల గాజులు గలగలలాడిస్తూ వెళ్ళి, "రా నాన్నా, రా బంగారం" అంటూ చంకలోకి ఎత్తుకోబోయింది. వాడు చెయ్యి కొరికాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఏడ్చింది. "నేను పోను తాతా" అంది. టీచరమ్మ ఫోన్ చేసి చెప్పిన జాగ్రత్తలు నాకూ కొత్తే. గాజులు తీసేసి రావాలి. సెంటు పూసుకోరాదు. పక్కన కూర్చోవాలి గానీ ఎదురుగా నిలబడరాదు. ఒకేసారి పది మాటలు చెప్పకుండా రెండు మాటలు చెప్పి, మనసులో పది లెక్కపెట్టుకుంటూ ఆగాలి. వాడు చేయగలిగిన పని వాడి చేత చేయించాలి. చెయ్యి పట్టుకుని మనమే రాసేస్తే ఆ రాత మనదవుతుంది గానీ వాడిది కాదు.

అక్కడ గోడకు ఒక అట్ట ఉంది. దాని మీద వరుసగా బొమ్మల కార్డులు. ప్రార్థన, పూసలు గుచ్చడం, నీళ్ళు, పలక, అన్నం కంచం, ఇల్లు. ఒక పని అయిపోగానే బాబు ఆ కార్డు తీసి 'అయిపోయింది' డబ్బాలో వేయాలి. తరువాత ఏం జరుగుతుందో కంటికి కనబడుతుంటే వాడికి భయం తగ్గుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఎరిక్ షాప్లర్ 1972లో ప్రారంభించిన కార్యక్రమం ద్వారా ఇలాంటి బోధన ప్రపంచమంతటా వ్యాపించింది. మన దగ్గర దానికి కావలసింది పాత పెళ్ళిపత్రికల అట్టలు, కత్తెర, కాస్త జిగురు.

రెండో వారంలో ఒక ప్రమాదం తప్పింది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో బాబు ఉన్నట్టుండి లేచి గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఎదురుగా లారీ. డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి బతికాడు. మా పిల్ల వెనకాల పరుగెత్తి మోకాళ్ళు దోక్కుపోయేలా పడి పట్టుకుంది. ఆ రోజే గేటుకు గొళ్ళెం బిగించారు. కానీ వాడు ఎందుకు పరుగెత్తాడో ఎవరికీ తెలియలేదు. "ఊరికే అట్ల చేస్తాడు" అంది నాయనమ్మ.

లాగ్ బుక్కులో ఏం రాయాలో తోచడం లేదని మా పిల్ల అంటే, "మన సర్వీసు డైరీలాగా రాయి. ఎన్ని గంటలకు, ఏం జరిగింది, అంతకుముందు ఏం జరిగింది. నీ అభిప్రాయాలు వద్దు" అని చెప్పాను. అలాగే రాసింది. మొదటి వారం నెమ్మది. రెండో వారం రోజూ పన్నెండున్నర నుంచి గోల, ఒంటిగంటకు గేటు వైపు పరుగు. మూడో వారం నిద్రమత్తు, ఏ పనీ చేయడు. నాలుగో వారం మళ్ళీ నెమ్మది. ఐదో వారం సోమవారం మళ్ళీ ఒంటిగంటకు గేటు వైపు పరుగు. గొళ్ళెం ఉంది కాబట్టి గేటుకు తల బాదుకున్నాడు.

ఆ రాత్రి పిల్ల లాగ్ బుక్కు ముందు వేసుకుని కూర్చుని, వెనకటి పేజీలు తిరగేసి, ఒక్కసారిగా "తాతా, షిఫ్టు!" అంది.

కంపెనీలో ఆ తల్లికి వారానికొక షిఫ్టు. ఒక వారం పొద్దున ఆరు నుంచి రెండు. తరువాతి వారం మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. ఆపై వారం రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు. మధ్యాహ్నం షిఫ్టు వారంలో ఆమె ఎక్కే కంపెనీ బస్సు ఒంటిగంట దాటాక బడి ముందు నుంచే పోతుంది. అమ్మ ఆ బస్సులో ఉందని వాడికి తెలుసు. ఇంటికెళితే అమ్మ ఉండదనీ తెలుసు. చెప్పడానికి మాత్రం మాట లేదు. రాత్రి షిఫ్టు వారంలో ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. అన్నీ ఒకే తీరున జరగాలని కోరుకునే బిడ్డకు వారం వారం లోకం తలకిందులవుతోంది. మరునాడు నాయనమ్మను అడిగితే షిఫ్టులు సరిగ్గా సరిపోయాయి.

నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. గంట కొట్టకముందే చెవులు మూసుకున్న నా పాత విద్యార్థి కళ్ళముందు కనిపించాడు.

టీచరమ్మ వెంటనే మూడు కొత్త కార్డులు చేసింది. 'అమ్మ ఇంట్లో', 'అమ్మ బస్సులో', 'రాత్రికి అమ్మ ఇంటికి'. ఒక జత బడిలో, ఒక జత ఇంట్లో. షిఫ్టు మారే వారం ముందురోజు రాత్రే తల్లి ఆ కార్డు చూపించాలి. రెండోది నాకు చాలా నచ్చిన పని. బస్సు వచ్చే వేళకు వాణ్ణి ఆపడం మానేసి, పది నిమిషాల ముందే చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తామే తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. బస్సు పోతుంది. తల్లి కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. కార్డు డబ్బాలో వేయడానికి లోపలికి తిరిగి రావాలి. మొదటి రెండు రోజులు ఏడ్చాడు. ఐదోరోజుకు తిరిగి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాడికి మాట వచ్చిందనో, చదువు వచ్చిందనో నేను చెప్పబోవడం లేదు. రాలేదు. దాహమైతే నీళ్ళ కార్డు తెచ్చి ఇవ్వడం నేర్చుకున్నాడు. మధ్యాహ్న భోజనం వరుసలో ఇద్దరు పిల్లల మధ్య నిలబడడం నేర్చుకున్నాడు. రెండు నెలలకు అంతే. ఆ తల్లి మాత్రం, "నీళ్ళు కావాలని నన్నడిగినాడు సార్" అని మా ఇంటికొచ్చి చెప్పి ఏడ్చింది.

నాయనమ్మ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనమంతా ఆ వయసువాళ్ళమే. "కోడలు కంపెనీకి పోబట్టే బిడ్డ ఇట్లయినాడు" అని ఊరంతా చెప్పేది. ఇది మన పల్లెల్లోనే కాదు, పాశ్చాత్య దేశాల్లో పెద్ద పెద్ద వైద్యులు కూడా ఒకప్పుడు తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వస్తుందని రాశారు. ఆ మాట తప్పని 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త పుస్తకం రాశాడు. ఆయన కొడుకుకు ఆటిజం ఉంది. ఆ తరువాత కవలల మీద జరిగిన పరిశోధనలు పుట్టుకతో వచ్చే కారణాలే ముఖ్యమని చూపాయి. టీకాల వల్ల వస్తుందని 1998లో ఇంగ్లండులో వెలువడిన వ్యాసం కూడా తప్పుల తడకని తేలి, 2010లో ఆ పత్రికే దాన్ని ఉపసంహరించుకుంది. కాబట్టి కోడళ్ళను అనకండి, టీకాలు మాన్పించకండి. ఆటిజాన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. పోగొడతామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

ఇక ఆ విద్యార్థిని వెళ్ళిపోవడం సంగతి. నా ప్రసంగంలో ముఖ్యమైన భాగం ఇదే.

లెక్క ప్రకారం ఆమె 180 గంటలు ఎనిమిదో వారం మధ్యలో ముగుస్తాయి. ఆ వారం తల్లిది మళ్ళీ మధ్యాహ్నం షిఫ్టు. "ఈ వారంలో అమ్మా ఉండదు, నువ్వూ పోతే వాడు తట్టుకోలేడు. శనివారం దాకా రామ్మా" అంది టీచరమ్మ. మా పిల్ల వెళ్ళింది. ఆ మూడు రోజులు ఏ లాగ్ బుక్కులోనూ లేవు, ఏ మార్కులూ రాలేదు. సంతకం చాలని వచ్చిన పిల్ల ఆమె.

అంతకు రెండు వారాల ముందే వీడ్కోలుకు సన్నాహం మొదలైంది. గోడకు క్యాలెండరు తగిలించి, ఆమె ఫోటో ఉన్న కార్డు చివరి శనివారం గడిలో అతికించారు. రోజూ ఒక గడి బాబు చేతనే కొట్టివేయించారు. ఆరో వారం నుంచి ప్రతి బుధవారం నన్ను వచ్చి మూలన కూర్చోమన్నారు. మాట్లాడవద్దు, పిలవవద్దు, ఊరికే కూర్చుని పూసలు గుచ్చమన్నారు. డెబ్భై ఏళ్ళ వయసులో పూసలు గుచ్చడం నేర్చుకున్నాను. మూడో బుధవారం వాడు నా డబ్బాలోంచి ఒక పూస తీసుకున్నాడు.

చివరి శనివారం వాడు ఆమె ఫోటో కార్డును 'అయిపోయింది' డబ్బాలో వేశాడు. సోమవారం, మంగళవారం పది గంటలకు గుమ్మం దగ్గర నిలబడ్డాడట. టీచరమ్మ డబ్బా తెరిచి కార్డు చూపించింది. బుధవారం నేను వెళ్ళాను. నా కార్డు గోడ మీద ఉంది. ఈనాటికీ బుధవారం బుధవారం వెళుతున్నాను.

మార్పు అంటేనే కష్టపడే పిల్లల దగ్గరికి ఏటా కొత్త విద్యార్థులను పంపి, 180 గంటలు కాగానే మాయమైపొమ్మంటున్నాం. విద్యార్థికి అనుభవం మిగులుతుంది, బిడ్డకు ఎదురుచూపు మిగులుతుంది. విద్యార్థులు వద్దని నేననను. మా మనవరాలు రాకపోతే ఆ షిఫ్టుల సంగతి ఎప్పటికి బయటపడేదో! టీచరమ్మకు అంతమంది పిల్లల్లో ఒక్కడినే నాలుగు గంటలు గమనించే తీరిక ఎక్కడిది? అలాగని విద్యార్థులు శిక్షణ పొందిన టీచర్లకు బదులు కాలేరు. ఎంతమంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలో ప్రకటించమని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది; ఆ మేరకు ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2022లో కేంద్రం ప్రకటించింది. ఆ నియామకాలు ప్రభుత్వం చేయవలసినవే. మన సంఘం ఏటా ఇచ్చే వినతిపత్రాల్లో అదీ ఒక అంశంగా చేర్చాలని కోరుతున్నాను.

విద్యార్థి వెళ్ళాక ఉండేవారు ఎవరు? తీరిక ఉన్నది మనకే. బదిలీలు లేవు, పరీక్షలు లేవు. ఆరోగ్యం బాగుంటే వారానికి ఒక్కపూట మనది కాదా? మీలో ఎవరికైనా మనసైతే నేను నేర్చుకున్న నాలుగు నియమాలు చెబుతాను. ఒకటి, బడి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెళ్ళకండి, టీచరు లేనప్పుడు బిడ్డతో ఒంటరిగా ఉండకండి. రెండు, ఒకే రోజు, ఒకే వేళ. రాలేకపోతే ముందే చెప్పండి. మూడు, ఫోటోలు, మిఠాయిలు వద్దు. నాలుగు, మీ అనుభవం మూటగట్టి ఇంట్లో పెట్టి, టీచరు చెప్పినట్లు చేయండి. చివరిది నాకు చాలా కష్టమైంది.

మీ ఇంట్లోనే అలాంటి మనవడో మనవరాలో ఉంటే దాచకండి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, వేలితో ఏదీ చూపించకపోయినా, వచ్చిన మాట పోయినా, 'మగపిల్లలకు మాట ఆలస్యమే' అని కూర్చోకుండా డాక్టరుకు చూపించండి. తొందరగా తెలిస్తే శిక్షణ తొందరగా మొదలవుతుంది. సచివాలయంలో అడిగి సదరం శిబిరానికి సమయం తీసుకోండి. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం వస్తే పింఛనుకు అర్హత ఉంటుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి అది నెలకు ఆరు వేలు. నేషనల్ ట్రస్టు వారి నిరామయ పథకంలో లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండాక కూడా సంరక్షకులు అవసరమైతే, అదే చట్టం కింద జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీ నియమిస్తుంది. 'మా తరువాత ఎవరు?' అనే ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబు అది. మన కళ్ళున్నప్పుడే ఆ పని చేసుకోవాలి.

చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 1991లో నేను పేరు కొట్టేసిన పిల్లవాడికి ఇప్పుడు నలభై ఏళ్ళు. బాబు సంగతి చూశాక నేను ఆ ఊరు వెళ్ళి వాళ్ళ ఇల్లు వెతుక్కున్నాను. తల్లి ముసలిదైంది. నన్ను గుర్తుపట్టింది. నేను తప్పు చేశానని చెబితే, "మీకు మాత్రం ఏం తెలుసు సార్, అప్పుడు ఎవురికి తెలుసు" అంది. తరువాత, "నేను పోయినాంక వీణ్ణి ఎవురు చూస్తారు సార్?" అని అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు. ఇద్దరినీ సదరం శిబిరానికి తీసుకెళ్ళాను. ధ్రువపత్రం వచ్చింది, పింఛను వస్తోంది. సంరక్షకుడి విషయమై తమ్ముడి కొడుకుతో మాట్లాడుతున్నాం. నేను తీసేసిన బడి మాత్రం తిరిగి ఇవ్వలేను.

బయలుదేరేటప్పుడు గుడి గంట కొట్టబోతున్నారు. అతను ముందే చెవులు మూసుకున్నాడు. ఈసారి నేను చూశాను.

 వారానికి ఒక్కపూట ఇవ్వగలవారు సభ ముగిశాక కార్యదర్శి గారి దగ్గర పేరు రాయించవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.